పెద్దమ్మ మౌనం మొక్కు

మా పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున్నే అయిజ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్రలనే పోయిందక్కా. పండుకునే దాకా మాట్లాడుతనే ఉండె" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. ఆమె సంగతి తెలిసినవాళ్లెవరైనా నవ్వుతారు.

పెద్దమ్మ అంత మాటల మనిషి. బండి దగ్గర అర్ధకిలో వంకాయలు కొనేలోపు బండివాడి కూతురి పెళ్లి సంబంధం దాకా వెళ్లేది. వినేవాళ్లు దొరక్కపోతే బర్రె ఉండనే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పెద్దనాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కర్నూలు దవాఖానాలో ఆయన మంచం పక్కన నిలబడి పెద్దమ్మ శ్రీశైలం మల్లన్నకు మొక్కింది. "ఈయనకు మాట రానియ్యి. నడిచి వస్త. భీముని కొలను కాడ గుట్ట ఎక్కేటప్పుడు ఒక్క మాట గూడ మాట్లాడ." నగలు మొక్కినా అంత కష్టమయ్యేది కాదు. కొన్నాళ్లకు పెద్దనాయన నోరు తెరిచి, మొట్టమొదట, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ ఏడు ఉగాది ముందు, మా ఊరి మీదుగా నడిచిపోయే కన్నడ భక్తులతో కలిసి బయల్దేరాం. భీముని కొలను చేరేసరికే నా అరికాళ్లు బొబ్బలెక్కాయి. అక్కడి నుంచి కైలాసద్వారం దాకా నిలువు గుట్ట, రాతి మెట్లు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఎక్కుతోంది. సగంలో నేను కూలబడ్డాను. "నాతోని గాదు, మీరు పోండ్రి" అన్నాను. ఆమె చేయి పట్టి లాగింది, కళ్లు ఉరిమింది. నేను లేవలేదు. నీళ్లు అయిపోయాయి, ఎండ ముదురుతోంది. పెద్దమ్మ ఒకసారి గుట్ట వైపు, ఒకసారి నా వైపు చూసి నోట్లోంచి కొంగు తీసేసింది.

"లే బిడ్డా. గీడ కూసుంటే కాళ్లు పట్టుకపోతయి. నా పెండ్లి నాడు మీ పెద్దనాయన చెప్పులు ఎవరో ఎత్తుకపోయిండ్రు, ఎర్కేనా?"

చెప్పుల కథ కైలాసద్వారం దగ్గర గాని పూర్తికాలేదు. పైన నిలబడి మల్లన్నతో, "చూసినవు గద, పిల్ల కూలబడ్డది, నేనేం జెయ్యాలె? వచ్చే ఏడు మళ్ల వస్త. ఆయన మాట జోలికి మాత్రం రాకు" అంది. ఇంటికి తిరిగొచ్చాక పెద్దనాయన "గింత ఆలస్యమేంది" అని కసిరే దాకా ఆమె సంచి దించలేదు.

తర్వాత ప్రతి ఏడూ వెళ్లింది. ప్రతి ఏడూ మొక్కు తప్పింది. ఒకసారి ఎవరో కన్నడ ముసలమ్మకు ధైర్యం చెప్పి, ఇంకోసారి సద్దిమూట లాక్కున్న కోతిని తిట్టి. "నాకు మాట పోదు, దీనికి ఆగదు" అనేవాడు పెద్దనాయన.

ఆఖరిసారి మాత్రం గుట్టంతా మాట లేకుండా ఎక్కింది. వస్తోందో లేదో అని మేం అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూశాం. పైకి చేరాక "మొక్కు తీరింది, ఇగ మాట్లాడు పెద్దమ్మా" అని బతిమాలాను. చాలాసేపు ఆయాసపడి, "ఇది లెక్కల రాదు. దమ్ము అందక ఊకున్న, మొక్కని గాదు. మళ్ల రావాలె" అని నవ్వింది. మళ్లీ వెళ్లలేకపోయింది.

మొన్న నేను వెళ్లేసరికి పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. పెద్దనాయన ఆమె తల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా ఆమెకు చెబుతున్నాడు.