రాజోలు బస్సులో పంపిన సీడీ

సీడీ డ్రైవు గిర్రున తిరిగి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకునే చప్పుడు వింటే ఇప్పటికీ నా ఒళ్లు చల్లబడుతుంది. మొన్న ఆఫీసులో పక్క సీటు సహోద్యోగి కొత్త వెర్షన్ సీడీ రైట్ చేస్తుంటే అదే చప్పుడు. వెంటనే రాజుగారు గుర్తొచ్చారు.

అమలాపురంలో ఒక మేడ మీది గదిలో ఆయన సాఫ్ట్‌వేర్ రాసేవారు. నా మొదటి ఉద్యోగం అక్కడే. రక్తపరీక్షల ల్యాబులకు రిపోర్టులు అచ్చువేసే ప్రోగ్రాం మాది. చేసిన ప్రతి మార్పునూ, ఎందుకు చేశామో ఒక వాక్యంతో సహా, మార్పులన్నీ వరుసగా ఒకచోట దాచే సర్వర్లోని రిపాజిటరీలో చేర్చాలన్నది ఆయన నియమం. మరిచిపోతే, "నీ బుర్రలో ఉన్నది రేపు నీతోపాటే సెలవు పెడుతుందయ్యా" అనేవారు. ల్యాబులకు మాత్రం తన కంప్యూటర్లోని ఫోల్డరును జిప్ చేసి, అంటే ఒకే మూటగా కుదించి, సీడీలో వేసి, బస్టాండులో కండక్టరు చేతికిచ్చేవారు. అవతలివాళ్లు బస్సు దగ్గరకొచ్చి తీసుకునేవారు. మా వైపు మందులూ, శుభలేఖలూ వెళ్లే దారే అది.

ఇంటిపేరూ పేరూ ఒకటే అయిన ఇద్దరు ఒకే రోజు వస్తే రిపోర్టులు తారుమారవుతున్నాయని రాజోలు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. అలాంటివారు మాకు ఊరికి నలుగురుంటారు. రాజుగారు ఆ పూటే తప్పు సరిచేసి రిపాజిటరీలో చేర్చారు. బస్సు కదిలే వేళయింది. కంగారులో పక్కనున్న పాత ఫోల్డరును జిప్ చేసి పంపించారు. సరిచేసిన ఫైలు అందులో లేదు. కొత్తది వచ్చిందన్న ధీమాతో ల్యాబువాళ్లు రిపోర్టులు సరిచూసుకోవడం మానేశారు.

ఆ వారంలోనే ఇద్దరు సత్యవతులు వచ్చారు. షుగరు విపరీతంగా ఉన్నావిడకు అంతా బాగుందన్న కాగితం వెళ్లింది. ఆవిడ బతకలేదు. ఆరా తీస్తే సీడీలో వెళ్లింది పాత ఫోల్డరని రాజుగారికి తెలిసింది.

"సీడీ సంగతి ఎవరికి తెలుసండీ? ఊరుకోండి" అన్నాడు ల్యాబు యజమాని. రాజుగారు నన్ను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లారు. భర్త వెంకన్న పెరట్లో గునపం పాతి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. రాజుగారు నిలబడే అంతా చెప్పారు. వెంకన్న "ఆయ్, ఆయ్" అంటూ విన్నాడు.

"మరి సరైనది మీ దగ్గర ఉందాండీ?"

"ఉందండీ."

"ఉండి కూడా పాతదే పంపేరాండీ?"

వెంకన్న తల వంచుకుని ఇంకో కాయ అందుకున్నాడు.

ఆ తర్వాత జిప్పులు మానేశాం. ల్యాబు కంప్యూటరే ఫోను లైను మీద మా రిపాజిటరీకి కనెక్టయి, మారిన ఫైళ్లను నేరుగా తీసుకునేలా రాజుగారు చేశారు. వాన పడితే లైను తెగేది.

"మీ ఫైలు మలికిపురం చేరేసరికి మేం ముసలాళ్లమైపోతామండీ" అని అక్కడి ల్యాబాయన వేళాకోళం చేశాడు.

"అవ్వండి. ముసలాళ్లయ్యేదాకా బతకడం మంచిదే కదా" అన్నారు రాజుగారు, నవ్వకుండా.

ఆయన చెప్పిన నిజం ఊరూరా పాకి, ఒక్కో ల్యాబూ తప్పుకుంది. గది ఖాళీ చేశాం. ఆయన మళ్లీ ప్రోగ్రాం రాయలేదు. రెండేళ్లకు పోయారు.

మొన్న డ్రైవు ఆగాక సహోద్యోగిని అడిగాను: "రిపాజిటరీ నుంచి తీసిందేనా?"

"నా ఫోల్డర్లోంచి తీశాను. రెండూ ఒకటేగా?"

సీడీ ఇంకా వెచ్చగా ఉంది. విరిచేశాను. అతను కోపంగా ఏదో అంటున్నాడు. నాకు మాత్రం గునపం మీద కాయ చీలుతున్న చప్పుడే వినిపిస్తోంది.