గచ్చుతొట్టిలో నీళ్లు

మా ఇంటిది విశూచి జాడ్యం తగిలి చనిపోయిన ఏడాది నేను ధవళేశ్వరం వచ్చి, కాలవల పని చూసే ఒక ఇంజనీరు దొర బంగళాలో కుదిరాను. దొరసాని సముద్రం అవతల సీమలోనే ఉండిపోయిందట. అంత బంగళాలో ఆయనొక్కడూ, వెనక పాకలో నేనొక్కణ్ణీ.

గుర్రం మీంచి పడి దొరకి మోకాలు బిగుసుకుపోయింది. రోజూ నీళ్లలో దిగి కాలు ఆడించమన్నాడు డాక్టరు. గోదావరిలో ఉరవడి ఎక్కువ, పైగా మొసళ్ల భయం. అందుకని పెరట్లో మెడలోతు గచ్చుతొట్టి కట్టించాడు. ఆ నీళ్లు చూసుకోవడం నా పని.

మొదటిసారి నింపిన రోజున దిగినవాడు దిగినట్టే పైకొచ్చేశాడు. ఒళ్లంతా మంట, కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏంటిది? ఏం కలిపావు?"

"నేనేం కలపలేదండి. కొత్త గచ్చు కదండీ, సున్నం దిగుతోంది."

పసుపు రాసిన పేలిక ఒకటి ముంచి చూపించాను. పారాణిలా ఎర్రబడింది. తమ దేశంలోనూ కాగితంతో ఇలాగే చూస్తారని చెప్పి, కోపం తగ్గించుకుని లోపలికెళ్లాడు.

తొట్టి ఖాళీ చేసి, చింతపండు పులుసుతో గోడలు తోమి, మళ్లీ నింపాను. పేలిక మళ్లీ ఎర్రబడింది, కాస్త తక్కువగా. ఇక తోడడం, తోమడం, నింపడం. ఒక పొద్దున పేలిక పసుపుగానే ఉండిపోయింది. సంతోషం పట్టలేక ఎవరికైనా చూపిద్దామని తల తిప్పాను. పెరట్లో ఎవరూ లేరు.

వరదలొస్తే ఎర్రనీరు. బురద అడుక్కి దిగి నీళ్లు తేరేందుకు చిల్లగింజలు రాతిమీద అరగదీసి కలిపేవాణ్ణి, అవి చాలకపోతే పటిక. పటిక ఎక్కువైతే వగరు తెలుస్తుంది, అందుకని పుక్కిట పట్టి చూసేవాణ్ణి. గింజ అరగదీసే చప్పుడు వింటే మా ఇంటిదే గుర్తొచ్చేది. వరద రోజుల్లో సాయంత్రం పూట బాన ముందు కూర్చుని అలాగే అరగదీసేది.

ఒకనాడు దొర నీళ్లలోంచి పిలిచాడు. "రోజూ గట్టుమీదే కూర్చుంటావు. నువ్వూ దిగు."

"తప్పండి."

"ఒక్కణ్ణే ఎంతసేపు ఆడించను ఈ కాలు? రా."

దిగాను. ఆయన ఆ మూల, నేను ఈ మూల.

"ఇంట్లో ఎవరున్నారు నీకు?"

"ఎవరూ లేరండి."

"నాకున్నారు," అన్నాడు. కాలు ఆడిస్తూ, "చాలా దూరం," అన్నాడు.

వాన మొదలైనా ఇద్దరం పైకి రాలేదు.

చలికాలానికి మోకాలు బాగుపడింది. దొర సీమకి వెళ్లిపోయాడు. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపితే, ఏమనాలో తెలియక "దణ్ణాలండి" అన్నాను.

కొత్త దొర రావడం ఆలస్యమైంది. ఎవరూ దిగని నీళ్లని నేను తేటగా ఉంచుతూనే వచ్చాను. మానెయ్యమని చెప్పడానికైనా ఎవరూ లేరు మరి. చివరికి కొత్త దొర వచ్చి ఒకసారి తొంగిచూసి, దోమలు చేరతాయి, పూడ్పించెయ్యమన్నాడు. నీళ్లు తోడి మామిడి మొక్కల పాదుల్లోకి వదిలాను. బళ్లవాళ్లు మట్టి దింపి తొట్టి పూడ్చి వెళ్లేసరికి పొద్దు వాలింది. పాకలోకెళ్లి దోసెడు బియ్యం కడిగి పొయ్యి వెలిగించుకున్నాను.