తారు సాబు విన్న ముఖం

తారు సాబు పోయారన్న కబురు తెచ్చింది ఆయన ఇల్లాలు బీబమ్మే. పోయిన శుక్రవారం, ఎండ ఇంకా ముదరని వేళ. నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాను. ఆమె గడప అవతలే నిలబడి, "సాబు పోయిండు బిడ్డా. నువ్వొక్కపారి రా. పెట్టె ఇంకా మోగుతున్నది. అది ఎట్ల బందు చెయ్యాల్నో నాకు తెల్వది" అంది.

వెళ్ళాను. ఆయన కుర్చీలోనే ఉన్నారు. పెన్సిలు ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది. చెవులకు పెట్టుకునే డిప్పలు తీసి బల్ల మీద పెట్టింది బీబమ్మ. వాటిలోంచి సన్నటి కూతలు వస్తున్నాయి, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. "ఏమంటున్నది బిడ్డా?" అని అడిగింది. నాకేం తెలుసు? సిద్దిపేటలో ఆ భాష వచ్చిన ఒకే ఒక్క మనిషి ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. మీట మీద నా చేయి పడకముందే కూత ఆగిపోయింది. నేనే ఆపాననుకుంది బీబమ్మ. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన పేరు మా వాడలో సగం మందికి తెలియదు. సికింద్రాబాదు రైలు స్టేషనులో తార్లు, అంటే టెలిగ్రాములు, కొట్టే నౌకరీ చేసి, లడాయి వచ్చాక ఫౌజుకు పోయి, బర్మా అడవుల్లో వైర్‌లెస్ ముందు కూర్చుని, చివరికి కుంటి కాలుతో మా పక్కింటికి వచ్చి చేరారు. వస్తూ వస్తూ ఫౌజు సామాన్ల వేలంలో ఒక రేడియో పెట్టె తెచ్చుకున్నారు. సర్కారు పర్మిషన్ కాగితం దానికి ఎప్పుడూ అంటించే ఉండేది. ఇంటి కప్పు నుంచి వేపచెట్టు దాకా రాగి తీగ లాగారు. దాని మీద కాకి వాలితే లోపల నుంచి కసురుకునేవారు.

ఆ పెట్టెలో పాటలు రావు. అందుకే మా వాడ మొదట్లో దాన్ని చిన్నచూపు చూసింది. షార్ట్‌వేవ్ మీద ఎక్కడెక్కడి స్టేషన్ల నుంచో కూతలు మాత్రం వచ్చేవి. పొట్టి కూత ఒక చుక్క, పొడుగు కూత ఒక గీత. చుక్కలూ గీతలూ కలిస్తే ఒక అక్షరమో అంకెనో అవుతుంది. ఆయన వింటూ వింటూ గబగబా ఇంగ్లీషులో రాసుకునేవారు. "దునియా నిండ గివే మాటలు తిరుగుతున్నయి బిడ్డా. మన నెత్తి మీదికెల్లే పోతున్నయి. మనకు చెవుల్లేక ఊకున్నం" అనేవారు. ఆ మాట విన్న నాడల్లా ఇంటికి వస్తూ ఒకసారి పైకి చూసేవాణ్ణి. ఖాళీ ఆకాశం. అయినా ఎవరో నన్ను తోసుకుంటూ పోతున్నట్టే ఉండేది.

వాన సంగతి అడగడానికి రైతులు వచ్చేవారు. "సముద్రం మీది వాన సంగతి చెప్తది గని, చిన్నకోడూరు మీది వాన దానికేమెరుక? పోయి మీ కప్పనడుగున్రి" అని నవ్వి పంపేవారు. కానీ డిప్పలు చెవికి పెట్టుకుంటే నవ్వు ఉండేది కాదు. ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కుంటారు. పెన్సిలును రుమాలుతో తుడుస్తారు. గాలి గోలలో ఒక అక్షరం జారిపోతే ఆ జాగా ఖాళీగా వదిలేస్తారు. పక్క అక్షరాలను బట్టి అదేమిటో నాలాంటి వాడికే తెలిసిపోయినా పూరించరు. "వినవడ్డదే రాయాలె. అనిపించింది రాయొద్దు. ఖాళీ గూడ ఖబరే" అనేవారు. ఇంత చిన్నదానికి ఇంత పట్టుదలేమిటని నేను లోలోపల విసుక్కున్న రోజులున్నాయి.

ఆ లడాయికే మా అన్న కూడా పోయాడు. రెండేళ్ళ కిందటికే ఆఖరి ఉత్తరం వచ్చి నాలుగేళ్ళు దాటింది. లడాయి ముగిసి ఏడాదయినా, బతికాడని గానీ పోయాడని గానీ ఏ దఫ్తరూ చెప్పలేదు. మా అవ్వ, కన్నతల్లి కదా, రోజూ వాడి కోసం ఒక కంచం ఎక్కువ పెట్టేది. వదిన తన మగ్గం తను నేసుకునేది. చివరికి చిన్నకోడూరు నుంచి వదిన తండ్రి వచ్చి కూర్చున్నాడు. "నా బిడ్డ ఎన్నేండ్లు తొవ్వ జూస్తది? అమాస దాటనియ్య. కర్మ జేసి, గాజులు తీపిచ్చి నా యింటికి తోల్కపోత. ఇంకా చిన్నది, ఇంకో తొవ్వ జూస్త" అన్నాడు. ఆయన మంచివాడే. అదే మాకు ఎక్కువ కష్టమైంది. అమావాస్య ఇంకా ఆరు రోజులుంది.

జపాను వాళ్ళ చేతిలో పట్టుబడి తిరిగొస్తున్న సిపాయిల పేర్లు కూడా ఆ కూతల్లో వస్తాయట. ఆయన రోజూ తెల్లవారి నమాజు అయ్యాక కూర్చుని ఆ పేర్ల కోసమే వినేవారు. మా అన్న పేరు కోసం ఒక పేజీ వేరుగా పెట్టుకున్నారు. వదిన తండ్రి వచ్చిన మర్నాడు పేర్లకు బదులు అంకెలు వచ్చాయి. ఒకటి నుంచి అయిదు వరకే. రెండో రోజు అదే వేళకు అవే అంకెలు. మూడో రోజూ అవే. ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"బిడ్డా, నీ దగ్గర గళ్ళ కాగితం ఉన్నదా? ఇది మాట గాదు. వరుసకు నలభై అంకెలు, అరవై వరుసలు. ఫౌజుల ఒక దొర చెప్పిండు, ఫోటోను గడులు గడులు కోసి, ఏ గడి ఎంత నలుపో అంకెల్ల పంపొచ్చునని. ఒకటంటే తెలుపు, అయిదంటే నలుపు."

నాకు నవ్వొచ్చింది. చీర అంచుకు గొల్లభామ బొమ్మను దించడానికి మేం చేసేది అదే పని. గళ్ళ కాగితం మీద గడి గడిగా నింపి, దాన్ని చూస్తూ పోగు పోగు లెక్కపెట్టి నేస్తాం. "గిది మా తాతల నాటి విద్యనే సాబ్, మీ దొర కొత్తగ చెప్పిందేం లేదు" అన్నాను. ఆయన చదువుతూ పోయారు, నేను సిరాతో నింపుతూ పోయాను. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. కుడి కనుబొమ్మ మధ్యలో రెండు గడులు తెల్లగా మిగిలాయి. నా చేయి ఆగింది. మా అన్నకు కుడి కనుబొమ్మ మీద మగ్గం నాడె ఎగిరి తగిలిన గంటు ఉండేది. అక్కడ వెంట్రుకలు మొలవలేదు.

పొద్దు గూకే సరికి ఒక మనిషి ముఖం మా ఇంట్లోకి దిగింది. దగ్గరికి పోతే ఉత్త గడులే. నాలుగడుగులు వెనక్కి వేస్తే కొంచెం పక్కకు తిరిగి చూస్తున్న ముఖం. అది ఎక్కడ నుంచి బయలుదేరిందో, ఎవరి కోసం బయలుదేరిందో తెలియదు. అవ్వ దాని బుగ్గలు తడిమి, "నా కొడుకే" అని గట్టిగా ఏడ్చింది. వదిన వచ్చి చాలాసేపు చూసింది, లోపలికి పోయింది. వదిన తండ్రి దండం పెట్టి, తెల్లారి ఒక్కడే చిన్నకోడూరు వెళ్ళిపోయాడు. ఆ ముఖాన్ని గోడకు అంటించాం. అది ఇంటి లోపలికి, అవ్వ రాట్నం దిక్కుకు చూసేది.

ఆ తెల్లవారే సాబు మళ్ళీ వచ్చారు, ముఖం వాడిపోయి ఉంది. కాగితం విప్పమన్నారు. వెనక నుంచి ఎండకు పట్టి చూశారు.

"నువ్వు వరుస ఏ దిక్కు నుంచి షురూ జేసినవ్?"

"కుడి దిక్కు నుంచి సాబ్. మగ్గం మీద బట్ట బోర్ల ఉంటది గదా. బొమ్మ తిప్పి దించితేనే చీర మీద సీదా వస్తది. చెయ్యి అలవాటు."

ఆయన గడప మీద కూలబడ్డారు. "తార్ ఎడమ నుంచి వస్తది బిడ్డా. పక్కన కూసోని గూడ నేను పట్టలే. ఉర్దూ చదివిన కండ్లు, కుడి నుంచి రాస్తుంటె నాకు అదే సీదా అనిపిచ్చింది."

అంటే ఆ మనిషికి గంటు ఉన్నది ఎడమ కనుబొమ్మ మీద. అంటే మా అన్న కాదు. "మరి ఈ ముఖం ఎవరిది సాబ్?" అన్నాను.

"తెల్వది." గొంతు తగ్గించారు. "ఒక్కటి చెప్త, ఎవరితోని అనకు. తార్ కొట్టే ఒక్కొక్కని చెయ్యి ఒక్కతీరు ఉంటది, నడక లెక్క. ఈ అంకెలు పంపినోని చెయ్యి నాకు ఎరుకే. బర్మాల నా పక్కన కూసున్నోడు. వాని మీద మట్టి పోసింది నేనే." ఆయన భయపెట్టే కథలు చెప్పే మనిషి కాదు. ఎవరైనా చెబితే కేకలేసే మనిషి. నేను గోడ దిక్కు చూడలేకపోయాను. "అనిపిచ్చింది చెప్తలేను బిడ్డా. వినవడ్డది చెప్తున్న" అన్నారు.

ఆ అంకెలు మళ్ళీ రాలేదు.

మా వాళ్ళకు ఎలా చెప్పాలని అడిగితే, "గీసినోడే చెప్పాలె. నేను చెప్తే చాడీ అయితది, నువ్వు చెప్తే దిద్దుబాటు అయితది" అన్నారు. నేను చెప్పలేదు. రేపు, రేపు అనుకుంటూ రెండేళ్ళు చెప్పలేదు. ఆ గోడ కింద అన్నం తిన్నాను, మగ్గం నేశాను, ఆ ముఖం వైపు మాత్రం చూడకుండా తిరిగాను. మొదట్లో సాబు కనబడినప్పుడల్లా "చెప్పినవా?" అనేవారు. ఒకనాటి నుంచి అడగడం మానేశారు. నన్ను మనిషిగా లెక్కలోంచి తీసేశారనుకుని కుమిలిపోయాను. అయినా ఆయన నాతో ఎప్పటిలాగే నవ్వారు. బ్యాటరీ ఛార్జి చేయించడానికి బస్సెక్కి సికింద్రాబాదు పోయిన ప్రతిసారీ అవ్వకు తమలపాకులు తెచ్చారు. పేర్ల కోసం వినడం ఒక్కనాడూ మానలేదు.

శుక్రవారం ఆయన బల్ల మీద ఆ పేజీ తెరిచే ఉంది. పైన మా అన్న పేరు ఉంది. కింద ఏమీ లేదు. ఇన్నేళ్ళు విని, ఒక్క గీత కూడా అబద్ధంగా పెట్టని పేజీ అది. ఆయన్ని మట్టిలో పెట్టి ఇంటికి వచ్చి, స్నానం చేసి, తడి బట్టలతోనే వదిన ముందు నిలబడి అంతా చెప్పేశాను.

వదిన చేతిలోని నూలు కండె పక్కన పెట్టింది. "నాకు గా దినమే తెల్సు మర్దీ" అంది.

"ఎట్ల?"

"నీ బొమ్మలు నేయవట్టి ఏడేండ్లాయె. కాగితం జూస్తే బట్ట మీద ఎట్ల దిగుతదో నాకు తెల్వదా? నువ్వు తిప్పి గీస్తవ్, నేను సీదా జూస్త. అవ్వ ఏడుస్తుండంగనే నాకు ఎడమ కనుబొమ్మ అగువడ్డది."

"మరెందుకు చెప్పలే వదినా?"

"చెప్తే మా నాయిన గా దినమే గాజులు తీపిస్తుండె. మీ అన్న ఉన్నడని ఎవ్వరు చెప్పలే. లేడని గూడ ఎవ్వరు చెప్పలే. గా రెండిట్ల నడుమ నన్ను నిలవడనిచ్చింది గీ ముఖమొక్కటే." కండె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సాబు ఓనాడు వచ్చి, 'అమ్మా, నీతోని ఒక మాట' అని నోట్లె నోట్లె నమిలిండు. నాకు ఎరుకనే సాబ్ అన్న. మర్ది తానంతట తాను చెప్పేదాక మీరు అడగకున్రి అన్న. పెద్దమనిషి, తల మీద చెయ్యివెట్టి పోయిండు."

ఆయన నన్ను అడగడం మానేసింది అందుకన్నమాట. నా దిద్దుబాటు నా చేతనే జరగాలని ఆయన, నా పిరికితనం నలుగురిలో పడకూడదని వదిన, ఇద్దరూ రెండేళ్ళు నన్ను మోశారు. నాకు ఏడుపు ఆగలేదు. సాబూ, ఈ నాలుగు మాటలూ మీరుండగానే మీకు చెప్పి ఉండాల్సింది.

వదిన లేచి గోడ మీది కాగితం ఊడదీసింది. పలుచటి కాగితం, సిరా వెనక్కి ఊరి అవతల కూడా ముఖం సాఫుగా కనిపిస్తోంది. ఆ వెనక వైపు పైకి వచ్చేలా తిప్పి మళ్ళీ అంటించింది. "ఈయన ఎవరో ఈయన్నే ఉండనిద్దాం. ఈయన కోసం గూడ ఏ ఇంట్లనో తొవ్వ జూస్తుంటరు" అంది. చేతికి గాజులు అలాగే ఉన్నాయి. వాటి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

పొద్దు గూకింది. అవ్వ రోజూ లాగే దీపం వెలిగించి గోడ దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి, నలుపూ తెలుపూ మాత్రమే తెలుస్తాయి. దీపం ఎత్తి చూసింది, ఇంకొంచెం దగ్గరికి జరిగి చూసింది.

"ఇన్ని దినాలు నా దిక్కు జూస్తుండె గదనే. దర్వాజ దిక్కు ఎప్పుడు తిరిగిండు?"

అవ్వ జవాబు కోసం చూడలేదు. దీపం కింద పెట్టి, గోడ పట్టుకుని నడుచుకుంటూ పోయి, దర్వాజ గొళ్ళెం తీసింది.