ప్రేమ లేకుండా పెట్టిన అన్నం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన వేసవి దాకా నేను చచ్చినదానితో సమానంగా బతికాను.

నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ నన్ను కొండపల్లిలో అమ్మమ్మ దగ్గర వదిలేసి వేరే ఆయనతో వెళ్లిపోయింది, నాకు జ్వరమొచ్చినా రాలేదు, నా పెళ్లికి కబురంపినా రాలేదు, చివరికి అమ్మమ్మను మట్టిచేసిన రోజు కూడా రాలేదు! అలాంటి మనిషి, తను వెంట వెళ్లిన ఆయన చనిపోయాక, పక్షవాతంతో చెయ్యీ కాలూ పడిపోయి, నేను తప్ప దిక్కులేక నా ఇంటికి చేరింది. తెచ్చుకుందామన్నది మా ఆయన.

స్నానం చేయించాను, పక్కబట్టలు ఉతికాను, మందులు వేశాను. తల్లిని ఎంత బాగా చూసుకుంటున్నావమ్మా అని సంఘంలో అందరూ మెచ్చుకునేవారు. వాళ్లకేం తెలుసు! మంచం పక్క స్టూలు మీద కంచం పెట్టి, ఆమె ముఖం చూడకుండా వచ్చేసేదాన్ని, ఆమె ఎడమచేత్తో కెలుక్కుంటూ సగం ఒంటిమీద పోసుకునేది. పోనీ ఒక మంచి మాటైనా అనేదా అంటే, కూర బాగాలేదని, నాకన్నీ అమ్మమ్మ పోలికలేనని ఒకటే సణుగుడు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల జరిగేటప్పుడు ఆయన శరీరానికి గుర్తుగా పంచే రొట్టె నా వరకు వస్తే ముట్టకుండా పక్కవాళ్లకు అందించేదాన్ని. కన్నతల్లి మీద ఇంత ద్వేషం పెట్టుకుని ఎలా ముడతాను? తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ చదివినప్పుడల్లా, దేవుడు ఇక నన్ను వదిలేశాడనే అనుకున్నాను.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అన్నం వడ్డించిన కంచంతోనే వంటగదిలో కూలబడిపోయాను. "ప్రభువా, నాకు ఆమె మీద ప్రేమ లేదయ్యా. ఉన్నట్టు నటించి అలిసిపోయాను. ప్రేమ ఇయ్యకపోయినా సరే, ఈ ఒక్క పూట ఆమె పక్కన కూర్చోనియ్యి, చాలు" అని ఏడ్చాను.

కూర్చున్నాను. ముద్ద కలిపి నోట్లో పెట్టాను. ఆమె నమిలి, "ఉప్పు చాల్లేదే" అంది. అంతకుముందైతే కంచం విసిరికొట్టేదాన్ని! లేచి వెళ్లి, ఉప్పు తెచ్చి, కలిపి, మళ్లీ పెట్టాను. అది నా వల్ల అయ్యే పని కాదు సహోదరులారా, దేవునికే మహిమ!

అద్భుతాలేమీ జరగలేదు. ఆమె చెయ్యి లేవలేదు, నన్నెందుకు వదిలి వెళ్లిందో చెప్పలేదు, చెబుతుందన్న ఆశ కూడా నాకు లేదు. కొన్ని పూటలు ఆ పాత కోపం తిరిగి వస్తుంది, మళ్లీ ఆ ప్రార్థనే చేసుకుంటాను. అయినా పోయిన నెల ఏడుస్తూనే బల్లలో పాలుపొందాను. మీ ఇంట్లోనూ ఇలాంటి తండ్రో తల్లో ఉంటే, ప్రేమ పుట్టేదాకా ఆగకండి, లేదన్న సంగతి ప్రభువుతోనే చెప్పుకోండి, ఆయన వింటాడు, నాది విన్నాడు.

ఇక నన్ను వెళ్లనివ్వండి. మా అమ్మ అన్నానికి ఎదురుచూస్తూ ఉంటుంది.