నేను కల్పించిన రోగి

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఇరవై రెండేళ్లుగా అనంతపురంలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. మెడలో నాలుగు తాయెత్తులు కట్టించి, నెత్తిన నిమ్మకాయలు పిండించి, వేపమండలతో వీపు చీరించి, ఆ తర్వాత తీరిగ్గా నా దగ్గరికి తీసుకొస్తారు జనం. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే రకం. ఇంతమందిలో ఒక్కరికీ దయ్యం పట్టగా నేను చూడలేదు. ఇది చదివాక నన్ను వాళ్లలో కలపొద్దని మనవి.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది. సైకియాట్రీ చదవాలనుకునే హౌస్‌సర్జన్లను ఏటా ఐదుగురిని నాకు అప్పగిస్తారు. వాళ్లకు నేను దారి చూపాలట. ఈ చదువే ఎందుకని అడిగితే ఒకడు రక్తం చూడనక్కర్లేదంటాడు. ఇంకొకడు ఎమర్జెన్సీలు తక్కువంటాడు. మరొకామె తనకు మనుషులంటే ఇష్టమంటుంది. మనుషులంటే అంత ఇష్టమైతే పెళ్లిళ్లకు పోవచ్చు కదా, నా ప్రాణం తీయడమెందుకు.

ఆ ఏటి ఐదుగురిలో ఇందుమతి అనే అమ్మాయి ఉండేది. ధర్మవరంలో మగ్గం నేసే వాళ్ల బిడ్డ. పిచ్చాసుపత్రి చదువు వద్దని వాళ్ల నాయన గొడవ పడుతున్నా పట్టుబట్టి వచ్చింది. కానీ నోట్లో నాలుక లేదు. రోగి గట్టిగా మాట్లాడితే తనే బెదిరిపోయేది. ఈ పిల్ల పనికిరాదని మొదటి వారమే తేల్చేశాను.

వీళ్లను అసలు రోగి ముందు వదిలేలోపు నాటకం ఆడిస్తాను. ఒక రోగిని నేనే కల్పించి, అతని కథ ఒక కాగితం మీద రాసి ఒకరికి ఇస్తాను. ఆ ఒకరు రోగి, ఇంకొకరు డాక్టరు. కాగితం నేను, రోగి వేషం వేసేవాళ్లు తప్ప ఎవరూ చూడకూడదు. కాగితంలో లేని మాట ఒక్కటి కూడా చెప్పకూడదు.

ఆ ఏడు వానల్లేవు. ఎటు చూసినా బోరు లారీలే. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పొలంలో తిరిగి, నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని చెప్పే వాళ్లుంటారు మా వైపు. ఆ బురిడీగాళ్లంటే నాకు ఒళ్లుమంట. అందుకే రోగిని అలాంటివాడిగా రాశాను. పేరు ఓబులేసు అనుకోండి, అసలు పేరు ఇక్కడ రాయను. పామిడి దగ్గర ఒక పల్లె. ఎడమచేతి బొటనవేలు సగం లేదు, బోరు లారీ గొలుసులో తెగింది. వాడు చూపిన చోటల్లా బోర్లు ఎండిపోయాయి. ఇప్పుడు వాడికి తన ఇంటి కిందే నీళ్లు పారుతున్నట్టు వినిపిస్తుంది. వంటింటి నేలంతా తవ్వేశాడు. పెళ్లాం పుట్టింటికి పోయింది. వాడి నోట ఒక మాట కూడా రాశాను: "ఊరోళ్ల చేన్లలో యాడా నీళ్లు పడలేదు సార్, నా ఇంటి కింద మాత్రం రాత్రీ పగలూ పారతాండాయి." రాసుకుని నవ్వుకున్నాను కూడా.

ఇందుమతి రోగి, భరత్ అనే కుర్రాడు డాక్టరు. భరత్ అడగాల్సినవి సగమే అడిగాడు. చివర్లో ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. కాగితం అయిపోయింది కాబట్టి ఆమె లేదనాలి. ఆమె తల దించుకుని, తనది కాని గొంతుతో, నెమ్మదిగా చెప్పింది.

"మా ఊరి బయట ఎండిన చీనీ తోటలో మోటబావి ఉండాది సార్. దాంట్లోకి దిగితే ఇంగా బాగా వినపడతాది. మీకు చూపిచ్చుకొని నేరుగా ఆడికే పోతా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితంలో లేనిది చెప్పేవాళ్లు రేపు కేసు షీటులోనూ కట్టుకథలే రాస్తారని, పోయి చర్మవ్యాధులు చదువుకొమ్మని అందరి ముందూ కడిగేశాను. ఎందుకు చెప్పిందో తనకే తెలియదని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి ఇంకా చులకన చేశాను.

సరిగ్గా వారానికి, గురువారం ఓపీలో, పదకొండు గంటల వేళ ఒక మనిషి ఒంటరిగా వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. చీటీ మీద నేను రాసిన పేరే. పామిడి మండలం. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు, బొటనవేలు సగం లేదు. పెళ్లాం పుట్టింట్లో ఉందన్నాడు. తర్వాత నేను రాసిన మాటను, పొల్లు పోకుండా, నాకే వినిపించాడు.

నాకేమనిపించిందో చెప్పనా? పిల్లకాయలు నాకు చెవిలో పువ్వు పెడుతున్నారనుకున్నాను. తిట్టినందుకు కక్షతో ఎవడో నాటకాలవాణ్ని పట్టుకొచ్చారనుకున్నాను. మా జిల్లాలో వేషాలు కట్టేవాళ్లకు కొదవలేదు. పగలబడి నవ్వాను.

"ఏ ఊరి నాటకం కంపెనీ అప్పా మీది? వేలు భలే కుదిరింది."

అతను నా ముఖం కొంచెంసేపు చూశాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. రోగి దండం పెట్టి పోతుంటే కూడా నేను నవ్వుతూనే ఉన్నాను.

ఐదుగురినీ పిలిచి అడిగాను. ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. తాము ఎవరినీ తేలేదని ఒట్టు పెట్టుకున్నారు. నమ్మలేదు. అప్పుడు బీపీ చూసిన నర్సు, ఆ వేలు నిజంగానే తెగినదని, పాత గాయమని చెప్పింది. చీటీలిచ్చే చోట అడిగితే ఆధార్ కార్డు చూపించాడన్నారు. పేరు అదే, ఊరు అదే. బయటికొచ్చి చూస్తే మనిషి లేడు.

"సార్, బావి," అంది ఇందుమతి. ఈసారి గొంతు వణకలేదు.

నీకు మతి పోయిందన్నాను. అంటూనే కారు తాళాలు తీసుకున్నాను. దారి పొడుగునా ఆమెను దెప్పుతూనే ఉన్నాను, ఆమె మాత్రం కారు ఇంకా వేగంగా పోనిమ్మంది.

ఆ పల్లె బయట ఎండిన చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎక్కడని గొర్రెల కాపరిని అడిగితే చెయ్యి చూపించాడు. తోటలో నీళ్లింకిపోయిన మోటబావి ఉంది. గట్టు మీద చెప్పుల జత ఉంది. తొంగి చూస్తే అడుగున ఓబులేసు, రాతి గోడకు చెవి ఆనించి కూర్చుని ఉన్నాడు. మెట్లు విరిగి పడి కాలు బెణికింది, పిలిస్తే పలకలేదు. ఊళ్లోవాళ్లు మోకు వేసి, మంచానికి కట్టి పైకి లాగారు.

ఎందుకు దిగావని అడిగాను. నా వైపు చూడకుండా చెప్పాడు.

"మళ్ల పైకి రావాలని దిగలేదు సార్. మీ దగ్గరికొచ్చేదాంకా ఏదో మందుంటాదిలే అనుకుంటి. డాక్టరే నవ్వినాక ఇంగ నాకు మందేడిది?"

ఇందుమతి అతని పక్కన మట్టిలో కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఆమెకు తెలిసింది. అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ నీళ్ల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆమె అంతకుముందు పామిడిలో ఎప్పుడూ దిగలేదు. అతన్నీ చూడలేదు. నేనెక్కడో అతని గురించి విని మరిచిపోయి రాశానా? మనసు అలాంటి పనులు చేస్తుంది, నేనే పాఠం చెబుతాను. పేరుకు, వేలికి ఆ పాఠం సరిపోతుంది. నేను రాయని బావికి సరిపోదు. దయ్యం అని మాత్రం అనను.

ఓబులేసుకు ఇప్పుడు చాలా నయం. మందులు వేసుకుంటున్నాడు, భార్య తిరిగొచ్చింది. నెలకోసారి చూపించుకోవడానికి వస్తాడు. గది తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి నా ముఖం చూస్తాడు. నేను నవ్వడం లేదని తేల్చుకున్నాకే లోపలికొచ్చి కూర్చుంటాడు.