చావు లేని ఇంట్లో శోకం

మా చెల్లెలు సిరిసిల్లలో ఉంటూ శోకాల మీద పీహెచ్‌డీ చేస్తుండేది. శోకమంటే చనిపోయిన మనిషి దగ్గర ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే మాటలు. చావు లేని ఇంట్లో తీస్తే కీడు. రికార్డు చేస్తానంటే, "నీ సదువు కోసం మా ఇంట్ల పీనుగ లేవాల్నా బిడ్డా?" అని ఒకామె తరిమింది. అందుకే చావు ఇళ్లకు వెళ్లి, అందరితో ఏడ్చి, వచ్చి రాసుకునేది.

గ్రంథం సమర్పించకముందే జ్వరంతో పోయింది. తనతో చదివిన పరిశోధకుడు పరామర్శకు వచ్చి, "అక్కా, గ్రంథం ఆమె పేరు మీదనే ఇస్త" అని ల్యాప్‌టాప్ పట్టుకుపోయాడు. మళ్లీ ఫోన్ ఎత్తలేదు. కొన్ని నెలలకు, నేను పనిచేసే జగిత్యాల కాలేజీలో ఎవరో అతని వైవా నోటీసు చూపించారు. విషయం మా చెల్లెలిదే. ఆ రోజు అతనికి పట్టా ఖాయమైతే ఆమె కష్టమంతా అతనిదైపోతుంది. నా దగ్గర రుజువేమీ లేదు. వైవాకు ఎవరైనా రావచ్చు కనుక వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.

అతను ఒక శోకం చదివాడు.

"కోరుట్లల బస్సు దిగంగనే ఎదురచ్చేటి అవ్వా,
గియ్యాల ఎవరస్తరే?
జగిత్యాల అక్కకు సెలవు దొరకపాయె..."

మేం అవ్వా అని పిలిచే మా అమ్మ పోయిన రోజు మా చెల్లెలు తీసిన శోకమది. సెలవు దొరక్క ఆలస్యంగా చేరి, గుమ్మంలోనే నిలబడి విన్నాను; నాకింకా కంఠతా ఉంది.

పరీక్షకురాలు మా ప్రాంతపు మనిషే. "ఇదెక్కడిది?" అని అడిగింది.

"సిరిసిల్లల మేడం. మగ్గం సాంచాలు నడిపేటోళ్ల ఇంట్ల ఆడోళ్లను కూసోబెట్టి రికార్డు చేసిన."

"ఆ ఇంట్ల ఎవరు సచ్చిపోయిండ్రు?"

"ఎవ్వరు లేరు మేడం. చాయ్ తాపిచ్చిన, నవ్వుకుంట పాడిండ్రు."

ఆమె కళ్లద్దాలు తీసింది. "చాయ్ తాపిస్తే శోకం తీసిండ్రా? మా అవ్వయితే చీపురు తిరగేస్తుండె."

గదిలో నవ్వులు.

"సరే, గీ జగిత్యాల అక్క ఎవరు?"

అతను పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు.

"నేనే మేడం," అని లేచాను. "పోయింది మా అవ్వ. ఏడ్సింది మా చెల్లె. ఆమె గూడ పోయి ఏడాది తిరగలే. మా ఇంట్ల సావున్నది, మిగిలింది నేను తీస్త."

తీశాను. పరీక్షకురాలు అతని పేజీ మీద వేలు పెట్టి వింటూ పోయింది. ఒక్క మాట తప్పలేదు. నేను ఆపేసరికి అతను కూర్చుండిపోయాడు.

వైవా అక్కడే ఆగింది. విచారణలో ఒప్పుకున్నాడు. గ్రంథం రద్దయింది.

ఇప్పుడు మా చెల్లెలి రాతలు పుస్తకమయ్యాయి; దాని మీద ఆమె పేరుంది. లోపల ప్రతి శోకం కింద దాన్ని తీసిన ఆమె పేరుంది. మా చెల్లెలు రాసి పెట్టిన తీరే అది. సిరిసిల్లలో ఆవిష్కరణకు హాలు పట్టనంతమంది ఆడవాళ్లు వచ్చారు. ముందు వరసలో ఒకామె పేజీలు తిప్పి తిప్పి, పక్కామెను మోచేత్తో పొడిచింది.

"గిదిగో, సూడు. నా పేరే!"