దిబ్బ మీది వాటా

"...ఒడ్డున నిలబడి తువ్వాలు ఊపినోడికీ, నీళ్లలో నానినోడికీ ఒకటే వాటా ఏటి మావా?"

"ఒరే శ్రీనూ, వల దిగీసింది. ఇప్పుడు వాటా మాట ఎత్తకు."

"ఎత్తితే ఏటవుద్ది?"

"ఏటీ అవదు. పదిమందీ నవ్వుతారు."

తాడు లాగుతున్నవాళ్లలో ఇద్దరు అప్పుడే నవ్వారు. బారువ సముద్రం ఒడ్డున పెద్దవల వేసేటప్పుడు ఒక మనిషి ఇసుక దిబ్బ ఎక్కి నీటి రంగు చూస్తాడు. చేపల మంద ఎటు తిరిగితే అటు తువ్వాలు ఊపుతాడు. దాన్ని బట్టి పడవ వలను చుట్టి తెస్తుంది. ఆ మనిషికీ అందరితో సమానంగా వాటా ఇస్తారు. మోకాళ్లు అరిగి పడవెక్కడం మానేసిన దగ్గర్నుంచి ఆ పని పైడయ్యది.

ఒడ్డు పక్కనే డాబా మీద గదిలో కూర్చున్న పైడయ్య కోడలు ప్రమోదినికి మామగారి గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఆమె కిటికీ మూయలేదు. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మూడింటికి హైదరాబాద్ నుంచి మేనేజర్ ఫణిశంకర్ ఫోన్ చేస్తాడు. అప్పటికి ఆమె ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

ప్రమోదినిదీ ఈ ఊరే. ఆమె తండ్రి కూడా సముద్రం మీదే బతికాడు. రోజూ బస్సులో టెక్కలి వెళ్లి ఇంజనీరింగ్ చదివింది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేరింది. పెద్ద పెద్ద గిడ్డంగుల్లో సరుకు ఎక్కడ పేరుకుపోతోందో, లారీలు ఎక్కడ ఖాళీగా తిరుగుతున్నాయో చూసి, ఏం మార్చాలో యజమానులకు చెప్పడం ఆమె పని. కరోనా రోజుల్లో అందరితో పాటు ఇంటికొచ్చింది. తర్వాత అందరూ తిరిగి వెళ్లారు, ఆమె వెళ్లలేదు. పైడయ్య కొడుకు లోకనాథ్‌ను పెళ్లి చేసుకుంది. రెండు నెట్ కనెక్షన్లు పెట్టించింది, ఇన్వర్టర్ కొంది. తుపాను రోజున ఊరంతా చీకటైతే ఆమె గదిలో మాత్రం మీటింగ్ నడిచింది. ఆమె పని చేసిపెట్టే కటక్ గిడ్డంగులవాళ్లు ఆమె ఎక్కడ కూర్చుందని ఎప్పుడూ అడగలేదు. లైన్లో ఆమె ఉందా అని మాత్రం అడిగేవాళ్లు.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే గోపాలరావు కూడా తన పని చూడమని ఆమెను అడిగాడు, రెండుసార్లు. "మా గోడౌనూ ఓపాలి సూసి పెట్టమ్మా, ఊరికే వద్దు, డబ్బులిత్తాను." కంపెనీలో ఉండగా బయటి పని చేయకూడదని చెప్పి ఆమె పంపేసింది.

పోయిన వారం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈ మార్చితో ముగిసే ఏడాదికి, ఇంటి నుంచి పనిచేసిన వాళ్లకు బోనస్ సగమే ఇస్తారట. జూలై నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలట. రాలేనివాళ్లు ఇంటి దగ్గరే ఉండొచ్చు గానీ జీతం తగ్గుతుంది, బోనస్ అసలే ఉండదు. ఈ ఇంటి అప్పు వాయిదా ప్రమోదిని జీతంలోంచే వెళుతుంది. లోకనాథ్‌కు పడవ మీద ఒక నెల వస్తే ఒక నెల రాదు.

భోజనాల దగ్గర పైడయ్య భార్య సూరమ్మ ఆయన కంచంలో చేపల పులుసు పోస్తూ కోడలితో అంది. "మీ మావకి సిగ్గు నేదే. రేపట్నుంచి సగం వాటాకి ఒప్పీసుకున్నాడు."

"ఒప్పుకోనేటి మరి? ఈయేల్టి వాటా పూర్తిగా తెచ్చీసేను గదా. దిబ్బ మీద ఎండ తప్ప నాకేటి కట్టం?" పైడయ్య ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. "కాని వల దించకముందే సెప్పాల. దించీసినాక సెప్తే అది బేరం కాదు, లాక్కోడం."

లోకనాథ్ భార్య వైపు తిరిగాడు. "నీ మాటేటి మరి? మూడ్రోజులే గదా. పలాసలో రైలెక్కితే తెల్లారేతలికి అక్కడుంతావు."

"వారం వారం రైల్లో పడుకుని లేవమంతావేటి?"

"తోడు నానొత్తాను."

"నువ్వొచ్చి ఏటి సేత్తావు? హుస్సేన్ సాగర్‌లో వలేత్తావా?"

సూరమ్మకు నవ్వాగలేదు. లోకనాథ్ కూడా నవ్వి, మళ్లీ అడిగాడు. "పోనీ తక్కువ జీతానికి ఇక్కడే ఉంతావా?"

"మూడింటికి సెప్తాను."

"ఎవలికి, ఆలకా, మాకా?"

"ఇద్దరికీ ఒక్కసారే," అని ప్రమోదిని చెయ్యి కడుక్కుంది.

ఫణిశంకర్ ఫోన్ సరిగ్గా వేళకే వచ్చింది. అతను ఆఫీసు, కొత్త టీమ్, ప్రమోషన్ అవకాశం గురించి కొంతసేపు చెప్పాడు. ఆమె పూర్తిగా విన్నది.

"ముందు బోనస్ సంగతి తేల్చండి ఫణిశంకర్ గారూ."

"అది అందరికీ వర్తించే పాలసీ ప్రమోదిని గారూ. నా చేతిలో లేదు."

"అనుకున్న పని పూర్తయితే, ఎక్కడ కూర్చుని చేసినా బోనస్ పూర్తిగా వస్తుందన్నారు. పోయిన ఏప్రిల్‌లో, మీరే."

"అన్నాను."

"పని పూర్తయిందా?"

"అయింది. టీమ్‌లో అందరికంటే ముందు మీదే అయింది."

"మరి ఏడాది పనంతా అయిపోయాక సగమంటే ఎలాగండీ? మా ఊళ్లో వల దిగాక వాటా మార్చరు."

అతను నవ్వాడు. "ఇది చేపల వల కాదు కదండీ."

"కాదు. చేపలైతే సాయంత్రానికే పంచేసుకునేవాళ్లం. మీరు ఏడాది ఆగమన్నారు. ఆగాను."

ఈసారి అతను నవ్వలేదు. పైవాళ్లతో మాట్లాడి మళ్లీ చేస్తానన్నాడు. ప్రమోదిని కటక్ వాళ్లకు ఇవ్వాల్సిన రిపోర్టు తెరిచి, ఆగిన చోటు నుంచి పని మొదలుపెట్టింది. లోకనాథ్ మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె అతన్ని కిందికి వెళ్లమనలేదు.

ఆమె గ్లాసు ఖాళీ చేసేలోపే మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి స్పీకర్ పెట్టింది.

"ఒప్పుకున్నారు. మీకు పూర్తిగా వస్తుంది. నేను మాట ఇచ్చానని చెప్పాల్సి వచ్చింది," అన్నాడు ఫణిశంకర్.

"థాంక్సండీ. మీరు చెప్పబట్టే అయింది."

"జూలై విషయంలో మాత్రం నేను చేయగలిగిందేమీ లేదు. ఆఫీసుకైనా రావాలి, తగ్గించిన జీతానికైనా ఒప్పుకోవాలి. ఈ రోజే పేర్లు పంపాలి."

"అది మీరు ముందే చెప్పారు. దాని మీద నాకు తగువు లేదు."

"అయితే మిమ్మల్ని ఏ వరుసలో రాయమంటారు?"

ప్రమోదిని గుమ్మం వైపు ఒకసారి చూసింది.

"రెండిట్లోనూ వద్దండీ. జూన్ నెలాఖరు దాకా మీ పని చేస్తాను. జూలై నుంచి పలాసలో నా సొంత ఆఫీసు తెరుస్తున్నాను."